పాత వీడియో కెమెరా కొనే ముందు మూత పెట్టి చూడండి

తక్కువ బడ్జెట్‌లో సెమీ ప్రొఫెషనల్ వీడియో కెమెరా కోసం కోఠిలో సెకండ్ హ్యాండ్‌వి చూస్తుంటే, మెరిసే బాడీని బట్టి లోపలి సంగతి తెలియదు. షాపులోనే లెన్స్‌కు మూత పెట్టి, గెయిన్ (చీకట్లో బొమ్మను వెలుగుగా చూపే సెట్టింగ్) 18 డీబీకి పెంచి, ఒక నిమిషం రికార్డ్ చేయండి. ఆ క్లిప్‌ను ల్యాప్‌టాప్‌లో ఫుల్ స్క్రీన్‌లో చూస్తే, పాడైన పిక్సెళ్లు ఒకేచోట కదలకుండా తెల్లగానో ఎర్రగానో వెలుగుతుంటాయి. తెరంతా చిటపటమని కదిలే చుక్కల నాయిస్ మామూలే, దానికి టెన్షన్ వద్దు. తర్వాత మీ కండెన్సర్ మైకును ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైకు) సాకెట్లో పెట్టి, మైకుకు కరెంటు ఇచ్చే 48 వోల్టుల స్విచ్ వేసి, హెడ్‌ఫోన్‌లో వింటూ కేబుల్ మెల్లగా కదపండి. గరగర వస్తే, వేరే కేబుల్‌తోనూ అంతే అయితే, ఆ కెమెరాను వదిలేయండి. పెళ్లి వీడియోలో బొమ్మ కాస్త తగ్గినా సర్దుకుంటారు, మంత్రాలు వినపడకపోతే ఒప్పుకోరు.

అయితే వేడెక్కి ఆగిపోయే జబ్బు ఈ పరీక్షకు దొరకదు. వీలైతే ఒకరోజు అద్దెకు తీసుకుని, గంటసేపు ఆపకుండా రికార్డ్ చేశాకే డబ్బు కట్టండి.