ఆబ్డ్యురేట్ ఎక్కడ వాడాలి?

ఇంగ్లీషులో మొండితనానికి బోలెడు మాటలు. చదివేటప్పుడు అన్నీ తెలిసినట్టే ఉంటాయి, రాయబోతే ఏది ఎక్కడ పెట్టాలో తేలదు. నన్ను బాగా తిప్పలు పెట్టింది ఆబ్డ్యురేట్ (obdurate).

ఇప్పుడు చేస్తున్నది ఇది: ముందు వాక్యం తెలుగులో అనుకుంటాను. 'పట్టుదల' అతికితే పర్సిస్టెంట్. 'మొండి' అతికితే స్టబర్న్, కాస్త హుందాగా కావాలంటే ఆబ్‌స్టినేట్. 'ఎంత బతిమాలినా కరగలేదు' అనిపిస్తేనే ఆబ్డ్యురేట్. ఉద్యోగులు ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా దిగిరాని యాజమాన్యం, తప్పు చేసి కూడా పశ్చాత్తాపం లేని మనిషి, ఇలాంటి చోట్లకి సరిగ్గా సరిపోతుంది. నామవాచకం కావాలంటే ఆబ్డ్యురసీ.

గుర్తుండటానికి డ్యూరబుల్‌ని తలుచుకోండి. రెండింటి మూలమూ లాటిన్‌లో గట్టి అని అర్థమిచ్చే దూరుస్. అది గట్టి వస్తువు, ఇది గట్టి గుండె, అంతే.

ఒక్క జాగ్రత్త మాత్రం కావాలి. మొండి మరక, మొండి దగ్గు లాంటివాటికి ఆబ్డ్యురేట్ పెట్టకండి, అక్కడ స్టబర్న్ చాలు. పసిపిల్లల పేచీకీ అంతే, మరీ కోర్టు తీర్పులా వినిపిస్తుంది.