వినడం నేర్చుకుందాం – 6వ పాఠం: ఏడాది విన్నదాన్ని తిరగేయడం

కచేరీ నుంచి ఇంటికి రాగానే రాసుకోవాల్సిన నాలుగు ముక్కలు గత పాఠంలో చెప్పుకున్నాం: ఎక్కడ, ఎవరు, ఏం పాడారు, చెవిలో ఏం మిగిలింది. రాసుకున్నవాళ్లకు ఈ పాఠం సులువు. రాయనివాళ్లకూ దారి ఉంది.

ముందు ఫోను సంగతి తేల్చేద్దాం. డిసెంబరు రాగానే పాటల యాప్‌లు ఈ ఏడాది మీరు విన్నవివీ అంటూ రంగురంగుల కార్డులు పంపుతాయి. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకోండి, తప్పులేదు. కానీ నమ్మేయకండి. స్పాటిఫైలో పాట 30 సెకన్లు మోగితే ఒకసారి విన్నట్టే లెక్క, మీరు పెరట్లో బట్టలు ఆరేస్తున్నా సరే. పిల్లాడికి అన్నం పెట్టడానికి వేసిన పాట కూడా మీ ఖాతాలోనే పడుతుంది. పైగా కార్డు డిసెంబరు మొదట్లోనే వచ్చేస్తుంది గనక నెలాఖరులో విన్నది అందులో ఉండదు.

అందుకని జాబితాలో మొదటి పది పాటలూ కాగితం మీద రాసి, ఫోను పక్కన పడేసి, ఒక్కోటీ కూనిరాగం తీయండి. చరణంలోకి వెళ్లగలిగితే ఉంచండి. పల్లవి దగ్గరే ఆగిపోతే కొట్టేయండి. మొహమాటం వద్దు.

ఇక ఎదురుగా కూర్చుని విన్నవి. మన ఉత్తరాంధ్ర వైపు చాలా కచేరీలకు టికెట్టే ఉండదు, కాబట్టి దాచుకున్న చీటీ ముక్క కూడా దొరకదు. తేదీలు గుర్తు తెచ్చుకోబోతే బుర్ర వేడెక్కడం తప్ప ఫలితం ఉండదు. పండగల్ని పట్టుకోండి. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన, రథసప్తమికి అరసవల్లి, శివరాత్రికి శ్రీముఖలింగం, నవమికి రామతీర్థం, చవితి పందిళ్లు, దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను. ఒక్కో పేరూ రాసి, ఆ రోజు చెవిన పడ్డదేమిటో పక్కన రాయండి. గ్యాలరీలో ఫొటోలూ, గ్రూపుల్లో వచ్చిన ఆహ్వాన పత్రికలూ తక్కినవి అందిస్తాయి.

జాతర జనంలో నిలబడి విన్న తప్పెటగుళ్లు కూడా రాయాలి. వేదిక లేదు, మైకు లేదు అని వదిలేస్తే ఈ జిల్లాల్లో పుట్టిన సంగీతమే మీ పుస్తకంలో ఉండదు. గుండ్రటి రేకు తప్పెట ఛాతీకి కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో ఎగురుతూ పాడతారు కదా, అక్కడ మీ చెవి చేతి దరువును పట్టిందా, గజ్జెల అడుగును పట్టిందా? ఆ ఒక్క సంగతీ రాసినా చాలు.

రాగం పేరు తెలియలేదని గడి ఖాళీగా ఉంచకండి. విజయనగరంలో పక్క కుర్చీలో తెలిసినవాళ్లు ఒకరైనా ఉంటారు. “ఇదేం రాగమండీ, మోహనేనా?” అని మెల్లగా అడిగితే, “మోహనేటి బాబూ! దిగినప్పుడు విను, బిలహరి” అని సంబరంగా చెప్తారు. ఆయన అన్నదాంట్లో పెద్ద పాఠమే ఉంది. ఎక్కేటప్పుడు రెండిటికీ అవే స్వరాలు: స రి గ ప ద స. మోహనం అదే దారిన దిగుతుంది. బిలహరి దిగేటప్పుడు ని, మ కూడా వచ్చి చేరతాయి, స ని ద ప మ గ రి స అని. ఈ ఏడాది మీరు మోహనం అని రాసుకున్న పాటలన్నీ తీసి, గాయకుడు కిందికి జారే చోటు మాత్రమే మళ్లీ వినండి. కొన్ని పేర్లు మారతాయి.

ఎన్ని కచేరీలకు వెళ్లామన్న అంకె నాకు పెద్దగా ఆనదు. మంగళం దాకా కూర్చున్నవి ఎన్ని? వాటి పక్కన చుక్క పెట్టండి. (తని ఆవర్తనం మొదలవగానే కాఫీకి లేచేవాళ్లు చుక్క పెట్టుకోవద్దు. మృదంగం ఆయన వంతు వచ్చేది అప్పుడే.)

చివరగా, కొట్టివేతల్లో బతికిన ఫోను పాటల్ని ఎడమవైపు, కచేరీల్ని కుడివైపు రాసి, చుట్టరికం కనిపించిన చోటల్లా గీత కలపండి. ఎడమవైపు ఘంటసాలో సుశీలో ఉన్నారనుకోండి, ఇద్దరూ విజయనగరం సంగీత కళాశాలలో చదివినవాళ్లే. 1919లో పెట్టిన ఆ కళాశాలకు తొలి అధ్యక్షుడు హరికథల ఆదిభట్ల నారాయణదాసు, తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు. కాబట్టి కుడివైపు హరికథ గానీ వయొలిన్ కచేరీ గానీ ఉంటే గీత తిన్నగా వెళ్తుంది. ఒక్క గీతా పడలేదంటే మీరు ఫోన్లో ఒక ఊళ్లో, బయట ఇంకో ఊళ్లో ఉంటున్నారన్నమాట. వచ్చే ఏడాది వినాల్సింది ఏమిటో ఆ ఖాళీయే చెప్తుంది.

వచ్చే పాఠం హరికథ. ఈలోగా ఎక్కడైనా కథ జరుగుతుంటే ముందు వరసలో కూర్చోండి, చిడతలు పట్టిన చెయ్యి కనిపించాలి.