నడుము దగ్గర గన్ నిలవట్లేదా? ముందు బెల్టు చూడండి

టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి, 21 ఏళ్లు నిండి చట్టపరంగా అడ్డంకులేమీ లేనివాళ్లు లైసెన్స్ లేకుండానే బట్టల కింద హ్యాండ్‌గన్ పెట్టుకుని తిరగొచ్చు. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు కూడా కొంటున్నారు. కొన్న నెల రోజులకే చాలామంది ‘కుదరట్లేదు’ అంటూ సొరుగులో పడేస్తున్నారు. సలహా అడిగినవాళ్లలో ఎక్కువమంది మరో గన్ కొనాలనే ఆలోచనతోనే వస్తారు. తప్పు గన్‌లో ఉండటం అరుదు. అందుకే ఎదురయ్యే ఇబ్బందిని బట్టి కారణం వెతుకుదాం.

ఇంకా కొనలేదు, వీసా మీద ఉన్నాను

మిగతావన్నీ దీని తర్వాతే. హెచ్1బి, హెచ్4, ఎఫ్1, ఎల్1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, ఒక్క తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. టెక్సస్ ఎంత ఉదారంగా ఉన్నా లాభం లేదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది గానీ, దాన్ని నమ్ముకుని అడుగు వేసేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కలవండి. ఇండియా నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల చేతికి రేంజ్‌లో (తుపాకీ కాల్చడం సాధన చేసే చోట) గన్ ఇచ్చి ఫొటోలు తీసేవాళ్లను చూశాను. వాళ్లకీ ఇదే చట్టం వర్తిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. గ్రీన్ కార్డ్ వచ్చాక ఈ అడ్డంకి ఉండదు.

చొక్కా కింద ఎత్తుగా కనిపిస్తోంది, ప్యాంటు జారుతోంది

అందరూ మొదట చెప్పేది ఇదే. ‘నాది గ్లాక్ 19 రకం పిస్టల్, పెద్దది, చిన్నది కొనాలి’ అంటారు. కొనేముందు ఒక పరీక్ష చేయండి. గన్ ఖాళీ చేసి, ఖాళీ అయిందని రెండుసార్లు చూసుకుని, హోల్‌స్టర్‌లో (నడుముకి తగిలించుకునే గన్ ఒరలో) పెట్టి అద్దం ముందు పక్కకు తిరిగి నిలబడండి. చొక్కాను పొడుస్తున్నది గొట్టం కాదు, పిడి. గొట్టం ఎంత పొడవున్నా ప్యాంటు లోపలే ఉంటుంది. బయటకు కనిపించేది పిడే, దాన్ని ఒంటికి అదిమి పట్టాల్సింది బెల్టూ హోల్‌స్టరూ.

ఆఫీసుకి కట్టుకునే మెత్తటి తోలు బెల్టు ఆ బరువుకి మెలితిరుగుతుంది. గన్ బయటకు వాలిపోతుంది, మీరేమో పదిసార్లు ప్యాంటు పైకి లాక్కుంటారు. లోపల గట్టి పొర ఉండి మెలితిరగని గన్ బెల్టు కొనండి. నేను మూడు హోల్‌స్టర్లు మార్చాక గానీ బెల్టు మార్చలేదు. ఆ వరస తిరగేసి ఉంటే చాలా డబ్బు మిగిలేది.

తర్వాత హోల్‌స్టర్. కైడెక్స్ లాంటి గట్టి ప్లాస్టిక్‌తో చేసినదై, ట్రిగ్గర్‌ను పూర్తిగా మూసి ఉంచాలి, గన్ బయటకు తీశాక కూడా నోరు ముడుచుకుపోకూడదు. మెత్తటి గుడ్డ హోల్‌స్టర్ చౌకే, కానీ దాని అంచు మడతపడి ట్రిగ్గర్ గార్డులోకి (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీలోకి) వెళ్తే గన్ పేలొచ్చు. ఈ విషయంలో పొదుపు వద్దు. బెల్టును లోపలినుంచి నెట్టే చిన్న రెక్క ఉన్నది దొరికితే పిడి పొట్టవైపు తిరుగుతుంది. హోల్‌స్టర్ కింది కొసకు వెనక చిన్న ఫోమ్ ముక్క అంటిస్తే పైభాగం ఒంటికి ఆనుతుంది.

పొట్ట ఉన్నవాళ్లకు ముందువైపు పెట్టుకుంటే కూర్చోగానే గుచ్చుకుంటుంది. కుడిచేతివాళ్లు కుడి తుంటి వెనక్కి, గడియారంలో నాలుగు అంకె ఉండేచోటికి జరపండి. హోల్‌స్టర్ కాస్త ముందుకు వంగి ఉంటే పిడి వీపు వెంట దాక్కుంటుంది. ఇవన్నీ చేశాక కూడా కనిపిస్తుంటే, అప్పుడు పొట్టి పిడో, సన్నటి పిడో ఉన్న గన్ గురించి ఆలోచించండి. గ్లాక్ 19 మ్యాగజైన్‌లో (పిడిలో దూర్చే తూటాల పెట్టెలో) 15 తూటాలు పడతాయి. సన్నటి గ్లాక్ 43ఎక్స్‌లో గానీ, 2018లో వచ్చిన సిగ్ పీ365లో గానీ 10. నా మటుకు ఆ తేడా పట్టించుకోవలసినది కాదు.

చిన్న గన్ కొన్నాను, గురి తప్పుతోంది, చెయ్యి నొప్పి

అరచేతిలో ఇమిడే గన్ జేబులో హాయిగా ఉంటుంది, పేల్చేటప్పుడు కొడుతుంది. బరువు తగ్గేకొద్దీ చేతికి తగిలే దెబ్బ ఎక్కువ. దెబ్బకి భయపడి ట్రిగ్గర్ నొక్కకముందే చెయ్యి కిందికి తోస్తుంది, కుడిచేతివాళ్ల తూటాలు ఎడమ కిందికి పోతాయి. మ్యాగజైన్‌లో అక్కడక్కడా డమ్మీ (పేలని) తూటాలు కలిపి వేరేవాళ్ల చేత నింపించండి. డమ్మీ వచ్చినప్పుడు గొట్టం కొస కిందికి వాలితే రోగం మీకే తెలుస్తుంది. అది పోయేదాకా సాధన చేయండి. కొత్తగా కొనేవాళ్లకు నా మాట: మధ్యరకం సైజు, 9 ఎంఎం తూటా వాడేది. కొనేముందు రేంజ్‌లో అద్దెకు తీసుకుని కనీసం 50 తూటాలు కాల్చండి.

స్లైడ్ (గన్ పైన ముందుకీ వెనక్కీ కదిలే భాగం) వెనక్కి రావట్లేదనేవాళ్లు వేళ్లతో గిల్లినట్టు కాకుండా పైనుంచి గుప్పెటతో పట్టుకుని, పిడిని ముందుకు తొయ్యండి. అప్పటికీ కష్టమైతే స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజీ లాంటి తేలిక స్ప్రింగు ఉన్నవి చూడండి.

మధ్యలో ఆగిపోతోంది

పేలిన తూటా ఖాళీ తొడుగు, అది బయటకు రావలసిన స్లైడ్ కిటికీలో నిలువుగా ఇరుక్కుంటే ముందు మణికట్టును అనుమానించండి. పట్టు వదులైతే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోదు. పట్టు బిగించినా అదే జరిగితే మ్యాగజైన్లకు మార్కర్‌తో అంకెలు వేయండి. ప్రతిసారీ రెండో నంబరుతోనే ఆగుతుంటే అది సాధనకే పనికొస్తుంది. నూనె రెండు చుక్కలు చాలు. జేబులో పెట్టుకునేవాళ్లు వారానికోసారి లోపలి దూది దులపండి. రేంజ్ తూటాలతో బాగా నడిచి, నడుముకి పెట్టుకునే హాలో పాయింట్లతో (కొసలో గుంట ఉండే తూటాలతో) ఆగే గన్లు కూడా ఉంటాయి. కాబట్టి మీరు పెట్టుకునే రకం ఒక డబ్బా అయినా కాల్చి చూడండి.

కుర్తా, చీర వేసుకున్న రోజు

బొందు పైజామాకు బెల్టు ఉండదు, హోల్‌స్టర్ నిలవదు. ఇంట్లో సేఫ్‌లో పెట్టి తాళం వేసి వెళ్లండి. చాలామంది ఆడవాళ్లు హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంటారు. పెళ్లిలో ఆ బ్యాగ్ సోఫా మీద ఉంటుంది, చాక్లెట్ల కోసం దాన్ని తెరిచేది మూడేళ్ల పిల్లాడు. ఒంటి మీద లేని గన్ తాళం లోపల ఉండాలి, మూడో చోటు లేదు. 17 ఏళ్ల లోపువాళ్ల చేతికి అందేలా వదిలితే టెక్సస్‌లో అదే ఒక నేరం. గుడి గుమ్మం దగ్గర గన్లు వద్దన్న బోర్డు ఉంటే దాన్ని పాటించండి. కారు డ్యాష్‌బోర్డు సొరుగు మాత్రం దొంగలకు కానుకే. తప్పకపోతే సీటు కింద ఉక్కు తాడుతో కట్టిన చిన్న పెట్టె వాడండి.

ప్రయాణం

న్యూజెర్సీలో బంధువుల ఇంటికి, కాలిఫోర్నియాలో స్నేహితుల దగ్గరికి వెళ్తుంటే మీరు టెక్సస్ లైసెన్స్ తీసుకుని ఉన్నా అది అక్కడ చెల్లదు. విమానంలో అయితే తూటాలు తీసేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో, చెక్ఇన్ సామానుగా, కౌంటర్‌లో చెప్పి పంపాలి.

రేంజ్‌కి ఒక బ్యాగ్ విడిగా కొనండి, దాన్ని ఇంకే పనికీ వాడకండి. అదే బ్యాగ్‌తో ఇండియా వెళ్లి, తిరుగు ప్రయాణంలో శంషాబాద్ తనిఖీలో అడుగున ఒక్క తూటా దొరికినా ఆయుధాల చట్టం కింద కేసు, పోలీస్ స్టేషన్, మిస్సయిన విమానం. ప్రయాణానికి ముందు ప్రతి సూట్‌కేసునీ, పిల్లల బ్యాగులతో సహా, బోర్లించి జేబులన్నీ చేత్తో తడిమి చూడండి.