వానలకు ముందే వంపు కిటికీలు కోసుకోండి: చెన్నైలో పటాలు కట్టేవారికి జాగ్రత్తలు

చెన్నైలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యనే పడుతుంది. పటాలు కట్టేవారికి దసరా కొలువు, దీపావళి, కార్తీకంలో పెళ్ళిళ్ళు అంటూ పని మీదపడేదీ అప్పుడే. పటంలో బొమ్మ చుట్టూ కనిపించే దళసరి అట్టే మౌంట్ బోర్డు, బొమ్మ కనిపించేలా అందులో కోసే ఖాళీయే కిటికీ. మామూలు నలుచదరపు కిటికీ అయితే కాస్త చెమ్మను ఓర్చుకుంటుంది. ఆర్చి, ఓవల్, నక్షత్రం, తోరణం ఆకారాలు ఓర్చుకోవు. వాటిని సెప్టెంబరులోనే కోసి దాచుకోవడం అన్నిటికన్నా మేలు. వానల్లో కోయక తప్పదంటే కిందివన్నీ పాటించండి.

పైకాగితం, నడుమ దట్టమైన గుజ్జు, అడుగు కాగితం కలిపి జిగురుతో అతికిస్తే మౌంట్ బోర్డు అవుతుంది. చెమ్మ పట్టిన గుజ్జును బ్లేడు కోయదు, పక్కకు తోస్తుంది. తిన్నని కోతలో స్కేలు బోర్డును పొడవునా అదిమి ఉంచుతుంది కాబట్టి నష్టం తక్కువ. వంపు దగ్గర ఆ ఆసరా ఉండదు. బ్లేడు తిరిగే చోట పీచు లేచి, ఏటవాలుగా కోసిన తెల్లని అంచు నూగునూగుగా కనిపిస్తుంది.

అందుకే మొదటి జాగ్రత్త బోర్డుకే. పారీస్ దగ్గర దేవరాజ మొదలి వీధి నుంచి తెచ్చేటప్పుడు రెండు వైపులా అట్టలు పెట్టి, పాలిథిన్‌లో చుట్టి, అంచులు టేపుతో మూయించండి. షాపులో గోడకు ఆనించి నిలబెట్టకండి, నడుము వంగుతుంది. నేలకు అడుగైనా ఎత్తున, పలక మీద పడుకోబెట్టండి. కోసే ముందు చుట్టు విప్పి, ఏసీ నడిచే గదిలో ఒక రోజంతా ఉంచండి. గాలిలో తేమ చూపే చిన్న మీటరు తప్పకుండా కొనండి. తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే హాయిగా కోయవచ్చు, 65 దాటితే వంపుల జోలికి పోవద్దు. బోర్డును బల్ల మీద పరిచి ఒక మూల నొక్కండి. ఎదుటి మూల లేస్తే అది వంగిన బోర్డే. దాని మీద బ్లేడు ఒకచోట లోతుగా, ఇంకోచోట పైపైనే దిగుతుంది.

ఎక్కువ బోర్డులు పాడయ్యేది కొలతల లెక్కలో. మామూలు బోర్డు మందం 1.4 మిల్లీమీటర్లు. 45 డిగ్రీల వాలుతో కోస్తే ముఖం వైపు, అంటే చూసేవారికి కనిపించే వైపు కిటికీ, వెనుక వైపు కిటికీ కన్నా ప్రతి అంచు దగ్గర 1.4 మిల్లీమీటర్ల చొప్పున పెద్దదవుతుంది. తిన్నని కట్టర్‌తో వెనుక నుంచి కోస్తాం. గుండ్రం, ఓవల్ కట్టర్లు చాలావరకు ముఖం వైపు నుంచి కోస్తాయి. ఆర్చిలో ఈ రెండూ కలుస్తాయి. బొమ్మ కనిపించాల్సిన వెడల్పు 150 మిల్లీమీటర్లు అనుకుందాం. వెనుక గీసే నిలువు గీతల మధ్య దూరం 150, ముఖం మీద తిప్పే వృత్తం వ్యాసం మాత్రం 152.8. రెండింటికీ 150 పెడితే వంపు, నిలువు కలిసేచోట రెండు భుజాల దగ్గరా మెట్టు పడుతుంది. దాన్ని ఏ గరుకు కాగితమూ సరిచేయలేదు. వృత్తం కేంద్రాన్ని సన్నని సూదితో నిటారుగా గుచ్చి రెండో వైపుకు దాటించండి. ఆ చిల్లు తీసేసే ముక్కలో ఉంటుంది కాబట్టి బెంగ లేదు.

ఆర్చిలో వంపునే ముందు కోయండి. వంపు చివర రెండు, మూడు మిల్లీమీటర్లు దాటినా కోత లోపలికి, తీసేసే ముక్కలోకే పోతుంది. నిలువు కోత మాత్రం వెంట్రుకవాసి దాటినా ముఖం మీద గాటు పడుతుంది. కింది మూల నుంచి పైకి వచ్చి, వంపుకు రెండు మిల్లీమీటర్ల ముందే ఆపండి. మిగిలిన కాస్తా కొత్త బ్లేడుతో, అదే వాలులో, చేత్తో కలపండి.

మూలల ఆకారాల్లో ఇంకో లెక్క ఉంది. వెనుక గీసిన మూల దాటి బ్లేడు మొన ఎంత పోతే ముఖం మీద మూల శుభ్రంగా విడుతుందన్నది కోణాన్ని బట్టి మారుతుంది. 1.4 బోర్డులో 90 డిగ్రీల మూలకు 1.4 మిల్లీమీటర్లు చాలు. ఎనిమిది పలకల కిటికీలో మూల 135 డిగ్రీలు కాబట్టి 0.6 మాత్రమే. ముక్కోణపు 60 డిగ్రీలకు 2.4 కావాలి. ఐదు మొనల నక్షత్రంలో మొన 36 డిగ్రీలు, అక్కడ 4.3 పోవాలి. చేతి అలవాటు నలుచదరానిది కాబట్టి ఎనిమిది పలకల కిటికీలో గాట్లు పడతాయి, నక్షత్రంలో మొన విడదు. విడని మూలను లాగకండి, పైకాగితం చిరిగి వస్తుంది. ముఖం వైపు నుంచి పలుచని రేజరు బ్లేడును వాలు వెంటే జార్చి విడదీయండి. రెండింతల మందం బోర్డుకు ఈ అంకెలన్నీ రెండింతలు.

శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డకు, రేకల్లాంటి వంపులుండే తోరణం కిటికీ ఎంతో నప్పుతుంది. అయితే రేకల మధ్య లోపలికి పొడుచుకొచ్చే మొనలు వానల్లో పొరలుగా విడిపోతాయి. ఆ మొన చివర మిల్లీమీటరు మేర గుండ్రంగా ఉండేలా గీసుకోండి. మిగతా మూలల్లోలా కాదు, ఇక్కడ కోత దాటినా తప్పేమీ లేదు, గాటు తీసేసే ముక్కలోకే పోతుంది. గుడ్డ పట్టుదైతే ఆమ్లరహితమై, సున్నపురాయి పొడి కలపని బోర్డు అడిగి తీసుకోండి.

బ్లేడు దగ్గర పొదుపు వద్దు. చెమ్మ రోజుల్లో వంపు కిటికీకి ఒక కొత్త బ్లేడు. ఓవల్‌ను ఒకే తిప్పులో తెంపాలని చూడకండి. మొదటి తిప్పులో పైకాగితం, రెండో తిప్పులో సగం మందం, మూడో తిప్పులో పూర్తిగా. ప్రతి తిప్పూ ఎక్కడా ఆగకుండా సాగాలి, ఆగినచోట మెట్టు పడుతుంది. కింద వేసే అట్ట ప్రతిసారీ గాట్లు లేనిదై ఉండాలి, లేకపోతే బ్లేడు పాత గాటు వెంట జారిపోతుంది. చేత్తో తిప్పే వంపుల్లో మణికట్టును కాక బోర్డునే తిప్పండి. బోర్డు పట్టే చేతికి కోత పడని గ్లోవు వేసుకోండి. వాడిన బ్లేడ్లను మూత ఉన్న డబ్బాలో వేసి టేపు చుట్టండి, చెత్త ఎత్తేవారి చేతులు కోసుకోకూడదు.

కొద్దిగా నూగు లేస్తే 400 నంబరు గరుకు కాగితాన్ని పుల్లకు అతికించి, ముఖం వైపు నుంచి వెనక్కు మాత్రమే రుద్దండి. ఎదురుగా రుద్దితే పైకాగితం లేస్తుంది.

కోసి తీసిన ముక్కను పారేయకండి. దాన్నే కిటికీలో తిరిగి కూర్చి, మౌంట్‌ను పాలిథిన్‌లో పెట్టి పడుకోబెడితే మొనలూ వాలు అంచులూ క్షేమంగా ఉంటాయి. ఫ్రేమ్ వెనుక మౌంట్ కూర్చునే గాడి కొలత మౌంట్ కన్నా 3 మిల్లీమీటర్లు ఎక్కువ పెట్టండి. బిగుతుగా ఇరికిస్తే వానల్లో ఉబ్బిన బోర్డుకు చోటు చాలక, ఆర్చి నెత్తి దగ్గర ముందుకు వంగి అద్దానికి తగులుతుంది. బొమ్మను పై అంచున మాత్రమే, గోధుమ పిండి జిగురుతో, పలుచని కాగితపు పట్టీలతో వేలాడదీయండి. సెల్లోటేపు వద్దు. బయటి గోడకు తగిలించే పటానికి వెనుక కింది మూలల్లో రబ్బరు బొడిపెలు అతికించండి, గోడ చెమ్మ నేరుగా పటానికి తాకకుండా గాలి ఆడుతుంది.