సొంతంగా తయారుచేసుకున్న టాక్ పాలిమరేజ్: సమస్య - పరిష్కారం

పీసీఆర్ (ఒక డీఎన్‌ఏ ముక్కను లక్షల కాపీలుగా పెంచే పద్ధతి) చేసే ల్యాబ్‌లో చకచకా ఖర్చయిపోయేది, ఆ కాపీలు చేసే ఎంజైమ్ టాక్ పాలిమరేజ్. దీన్ని ప్రతిసారీ కొనక్కర్లేదు. ఇ.కోలై అనే బ్యాక్టీరియాను పెంచే సౌకర్యం, ఒక సెంట్రిఫ్యూజ్, ఒక వాటర్ బాత్ ఉన్న ఏ యూనివర్సిటీ ల్యాబ్ అయినా, పీజీ కాలేజీ అయినా తయారుచేసుకోగలదు. అమెరికాలోని యెల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో బతికే థర్మస్ అక్వాటికస్ అనే బ్యాక్టీరియాను థామస్ బ్రాక్, హడ్సన్ ఫ్రీజ్ 1969లో ప్రపంచానికి పరిచయం చేశారు. దాని నుంచి ఈ ఎంజైమ్‌ను 1976లో వేరుచేశారు. అసలు బ్యాక్టీరియా నుంచి దొరికేది చాలా తక్కువ. అందుకే సీటస్ కంపెనీ శాస్త్రవేత్తలు ఆ జన్యువును ఇ.కోలైలో పెట్టి 1989లో ప్రచురించాక పరిస్థితి పూర్తిగా మారింది. అప్పట్లో దీని చుట్టూ నడిచిన పేటెంట్ గొడవలు కోర్టుల దాకా వెళ్లాయి. పీసీఆర్ మూల పేటెంట్లు అమెరికాలో 2005లోనే ముగిశాయి.

తయారీ సూత్రం ఒక్కటే. టాక్ తయారుచేసిన ఇ.కోలై కణాలను పగలగొట్టి 75 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే, ఇ.కోలై సొంత ప్రోటీన్లలో ఎక్కువ భాగం పాలు విరిగినట్టు విరిగి ముద్దకడతాయి, టాక్ మాత్రం కరిగే ఉంటుంది. స్పిన్ చేసి ముద్దను తీసేస్తే చాలావరకు శుద్ధి అయిపోయినట్టే. తర్వాత అమ్మోనియం సల్ఫేట్‌తో అవక్షేపించి, 50 శాతం గ్లిసరాల్ ఉన్న బఫర్‌లోకి (ఆమ్లత మారకుండా ఉంచే ద్రావణంలోకి) డయాలసిస్ చేస్తారు, అంటే సన్న రంధ్రాల సంచిలో పోసి ఉప్పు బయటికి పోయేలా ఆ బఫర్‌లో ముంచి ఉంచుతారు. ఇంత తేలికైన పద్ధతిలో కూడా ఎక్కడో ఒకచోట తేడా వస్తుంది. అలా వచ్చినప్పుడు చాలామంది వెంటనే "ఎంజైమ్ చచ్చిపోయింది" అని తేల్చేస్తారు. నా మాట నమ్మండి, టాక్ అంత తేలిగ్గా చావదు. 95 డిగ్రీల దగ్గర కూడా దాని శక్తి సగానికి పడిపోవడానికి దాదాపు 40 నిమిషాలు పడుతుంది. తప్పు సాధారణంగా ఇంకెక్కడో ఉంటుంది.

ఆ తప్పు దొరకాలంటే ప్రతి దశలోనూ 20 మైక్రోలీటర్లు పక్కన పెట్టుకోవాలి: ఇండక్షన్‌కు (కణాల్లో టాక్ తయారీని మొదలుపెట్టించడానికి) ముందు, తర్వాత, కణాలు పగిలాక, వేడిచేశాక పైన తేలిన ద్రవం, అడుగున మిగిలిన ముద్ద, డయాలసిస్ అయ్యాక. వీటన్నిటినీ ఒకే ఎస్‌డీఎస్ జెల్ (ప్రోటీన్లను బరువు ప్రకారం బ్యాండ్లుగా, అంటే చారలుగా విడదీసేది) మీద పక్కపక్కన నడపాలి. ఈ శాంపిల్స్ లేకుండా కింద చెప్పే పరిష్కారాలు వెతకడం చీకట్లో తడుముకోవడమే.

జెల్ మీద 94 కిలోడాల్టన్ల బ్యాండ్ అసలు కనిపించడం లేదు

టాక్‌లో 832 అమైనో ఆమ్లాలు ఉంటాయి, బరువు 94 కిలోడాల్టన్లు (ప్రోటీన్ల బరువు కొలిచే ప్రమాణం). ఇండక్షన్ తర్వాత కూడా ఆ చోట కొత్త బ్యాండ్ రాకపోతే ముందు ప్లాస్మిడ్‌కూ (టాక్ జన్యువును మోసే గుండ్రటి డీఎన్‌ఏ) హోస్ట్‌కూ (దాన్ని పెట్టిన ఇ.కోలై రకం) పొత్తు కుదిరిందా చూడండి. టాక్ జన్యువు టీ7 ప్రమోటర్ (జన్యువును నడిపించే స్విచ్) కింద ఉంటే డీహెచ్5ఆల్ఫా అనే ఇ.కోలై రకంలో ఏమీ రాదు, ఎందుకంటే అందులో టీ7 ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ ఉండదు. బీఎల్21(డీఈ3) లాంటి స్ట్రెయిన్ కావాలి. ట్యాక్ ప్రమోటర్ (tac; పేరు కలిసినా టాక్ ఎంజైమ్‌తో సంబంధం లేదు) అయితే హోస్ట్ సొంత పాలిమరేజ్‌తోనే నడుస్తుంది కాబట్టి ఈ ఇబ్బంది లేదు. క్లోనింగ్‌కు వాడిన స్ట్రెయిన్‌లోనే ఇండక్షన్ కూడా చేసేయడం ఎంత మామూలు పొరపాటో చెప్పలేను.

హోస్ట్ సరైనదే అయితే ప్లాస్మిడ్ కల్చర్‌లో మిగిలిందో లేదో చూడాలి. ప్లాస్మిడ్ లేని కణాలను చంపడానికి వేసే ఆంపిసిలిన్‌ను కణాలు బయటకు వదిలే బీటా లాక్టమేజ్ తినేస్తుంది. రాత్రంతా పెరిగి ముదిరిన కల్చర్‌ను నేరుగా పెద్ద ఫ్లాస్క్‌లో పోస్తే ఆ ఎంజైమ్ కూడా వెంట వస్తుంది, ప్లాస్మిడ్ పోగొట్టుకున్న కణాలే పెరిగి కూర్చుంటాయి. పాత కల్చర్‌ను స్పిన్ చేసి, పై ద్రవం పారబోసి, కణాలను కొత్త మీడియంలో కలిపి వేయండి. లేదా కార్బెనిసిలిన్ వాడండి. ఫ్రిజ్‌లో నెలల తరబడి ఉన్న ప్లేట్ మీది కాలనీ కన్నా అప్పుడే చేసిన ట్రాన్స్‌ఫర్మేషన్ నుంచి తీసిన కాలనీ ఎప్పుడూ మేలు.

ఇండక్షన్‌కు వేసే ఐపీటీజీ 0.5 మిల్లీమోలార్ సరిపోతుంది. 37 డిగ్రీల దగ్గర 12 నుంచి 16 గంటలు ఉంచినా టాక్‌కు నష్టం లేదు. జన్యువును మీరే పీసీఆర్ చేసి క్లోన్ చేసుకుని ఉంటే మాత్రం సీక్వెన్సింగ్ తప్పనిసరి. ఈ జన్యువులో జీ, సీ బేస్‌లు చాలా ఎక్కువ, కాపీ చేసేటప్పుడు తప్పులు దొర్లుతాయి. ఒక్క బేస్ జారిపోయినా ఫ్రేమ్ మొత్తం తప్పుతుంది.

కణాలు పగిలాక వచ్చే ద్రవం (లైసేట్) బంకలా సాగుతోంది

బయటికొచ్చిన క్రోమోజోమ్ డీఎన్‌ఏ వల్ల ఇలా అవుతుంది. ఇలాగే వేడిచేస్తే ముద్ద సరిగ్గా అడుగుకు చేరదు, టాక్ కూడా అందులో చిక్కుకుంటుంది. సోనికేటర్ ఉంటే ఐస్ మీద పెట్టి కొద్దికొద్దిగా సోనికేట్ చేయండి. లేకపోతే డీఎన్‌ఏను కోసే డీఎన్‌ఏజ్-1 ఎంజైమ్ వేయండి. దానికి మెగ్నీషియం కావాలి. మీ లైసిస్ బఫర్‌లో (కణాలు పగలగొట్టే ద్రావణంలో) మెగ్నీషియాన్ని పట్టేసుకునే ఈడీటీఏ ఉంటే దాన్ని మించేలా మెగ్నీషియం క్లోరైడ్ కలపాలి. తర్వాత వచ్చే 75 డిగ్రీల వేడి డీఎన్‌ఏజ్‌నూ పనికిరాకుండా చేస్తుంది. అయినా చివర్లో ఒకసారి పరీక్షించుకోండి: తయారైన ఎంజైమ్‌ను మెగ్నీషియంతో పాటు కొంచెం ప్లాస్మిడ్‌కు కలిపి 37 డిగ్రీల దగ్గర గంట ఉంచి అగరోజ్ జెల్ మీద చూడండి. ప్లాస్మిడ్ చెక్కుచెదరకుండా ఉండాలి.

వేడిచేయక ముందు బ్యాండ్ ఉంది, తర్వాత పై ద్రవంలో లేదు

బ్యాండ్ ముద్దలోకి పోయిందా, మధ్యలో తెగి చిన్నదైందా? పక్కన పెట్టిన శాంపిల్స్ ఇక్కడే అక్కరకొస్తాయి.

ముద్దలో ఉంటే రెండు కారణాలు. ఒకటి, కణాలు పూర్తిగా పగలలేదు. కణాల గోడను కరిగించే లైసోజైమ్ వేసి పావుగంట ఆగకుండా తొందరపడితే, లేదా ట్వీన్-20, ఎన్‌పీ-40 లాంటి డిటర్జెంట్లు మర్చిపోతే ఇలా జరుగుతుంది. రెండు, లైసేట్ మరీ చిక్కగా ఉంది. అంత ప్రోటీన్ ఒక్కసారిగా గడ్డకడితే టాక్ కూడా దాని మధ్య ఇరుక్కుంటుంది. తర్వాతి బ్యాచ్‌లో లైసిస్ బఫర్‌ను రెట్టింపు చేయండి. ఈసారికి ఆ ముద్దనే డిటర్జెంట్లున్న బఫర్‌లో బాగా కలిపి మళ్లీ స్పిన్ చేస్తే కొంత తిరిగి దక్కుతుంది.

94 దగ్గర బ్యాండ్ పలచబడి, 60 కిలోడాల్టన్ల చుట్టుపక్కల కొత్తది కనిపిస్తే ప్రోటీన్లను కోసే ఎంజైమ్‌లు (ప్రోటియేజ్‌లు) టాక్‌ను కోశాయేమో అనుమానించాలి. ఈ సందర్భాన్ని కొంచెం జాగ్రత్తగా చూడండి, ఎందుకంటే ఇది మోసం చేస్తుంది. టాక్ మొదటి భాగం డీఎన్‌ఏను 5 ప్రైమ్ వైపు నుంచి కత్తిరించే న్యూక్లియేజ్, మిగతాది పాలిమరేజ్. మొదటి భాగం ఊడిపోయినా మిగిలిన ముక్క డీఎన్‌ఏను చక్కగా పొడిగిస్తుంది. స్టాఫెల్ ఫ్రాగ్మెంట్ పేరుతో అలాంటి 61 కిలోడాల్టన్ల ముక్కను కావాలనే తయారుచేసి వాడారు. కాబట్టి మామూలు పీసీఆర్‌లో మీకు తేడా తెలియకపోవచ్చు. ప్రోబ్‌ను (సిగ్నల్ ఇచ్చే గుర్తున్న చిన్న డీఎన్‌ఏ ముక్కను) కత్తిరించడం మీద ఆధారపడే రియల్ టైమ్ పీసీఆర్‌లో మాత్రం సిగ్నల్ రాదు. ప్రైమర్ల (కాపీ ఎక్కడ మొదలవాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కల) మీద, ప్రోబ్ మీద నెపం వేసే ముందు ఎంజైమ్ జెల్ ఒకసారి చూడండి. నివారణ: కణాలు పగిలిన దగ్గర్నుంచి వేడిచేసే దాకా సమయం తగ్గించండి, ప్రోటియేజ్‌లను ఆపే పీఎంఎస్‌ఎఫ్‌ను సరిగ్గా ఆ నిమిషంలోనే కలపండి. నీళ్లలో కలిపాక దాని ఆయుష్షు చాలా తక్కువ. అది విషపదార్థం కూడా, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

వేడిచేశాక కూడా ఇ.కోలై బ్యాండ్లు బోలెడు మిగిలాయి

వాటర్ బాత్ 75 చూపిస్తోంది కానీ ట్యూబ్ లోపల అంత లేదు. 50 మిల్లీలీటర్ల ట్యూబ్ లోపలి ద్రవం ఆ వేడికి చేరడానికి చాలాసేపు పడుతుంది. అంతే నీళ్లు పోసిన మరో ట్యూబ్‌లో థర్మామీటర్ పెట్టి, అది 75 చేరాకే గంట లెక్కపెట్టండి. మధ్యమధ్య ట్యూబ్‌ను తిప్పండి.

అమ్మోనియం సల్ఫేట్ వేశాక అడుగున పెల్లెట్ లేదు

పారబోయకండి, పైన చూడండి. డిటర్జెంట్లు ఉన్న ద్రవంలో ప్రతి 100 మిల్లీలీటర్లకు 30 గ్రాముల చొప్పున అమ్మోనియం సల్ఫేట్ వేస్తే ప్రోటీన్ చాలావరకు తెట్టులా పైన తేలుతుంది, ట్యూబ్ గోడలకూ అంటుకుంటుంది. కావాల్సింది అదే. గరిటతో మెల్లగా తీసుకోండి, గోడలకు అంటింది కూడా గీకండి. తర్వాత గ్లిసరాల్ బఫర్‌లో డయాలసిస్ చేసేటప్పుడు సంచి సన్నబడిపోతే కంగారు పడొద్దు. గ్లిసరాల్ నీళ్లను బయటికి లాగుతుంది, ఎంజైమ్ చిక్కబడుతుంది, మంచిదే.

జెల్ మీద బ్యాండ్ బ్రహ్మాండంగా ఉంది, పీసీఆర్ మాత్రం రావడం లేదు

ఎక్కువమందిని టెన్షన్ పెట్టేది ఇదే. ఊహలు మానేసి నాలుగు ట్యూబులు పెట్టండి. ఇదివరకు బాగా వచ్చిన ప్రైమర్లు, ప్లాస్మిడ్ టెంప్లేట్ (కాపీ చేయాల్సిన డీఎన్‌ఏ), 500 బేస్‌ల చిన్న ప్రొడక్ట్ తీసుకోండి. మొదటి ట్యూబులో కొన్న ఎంజైమ్, కొన్న బఫర్. రెండో దాంట్లో మీ ఎంజైమ్, కొన్న బఫర్. మూడో దాంట్లో కొన్న ఎంజైమ్, మీ బఫర్. నాలుగో దాంట్లో కొన్న బఫర్‌లో రెండు ఎంజైమ్‌లూ కలిపి.

మొదటిదే రాకపోతే మీ ఎంజైమ్‌కు సంబంధం లేదు, ప్రైమర్లో, టెంప్లేటో, మెషీనో చూసుకోండి. మూడోది రాకపోతే మీ బఫర్‌లో తేడా ఉంది. నాలుగు డీఎన్‌టీపీలు (కొత్త డీఎన్‌ఏ కట్టే ఇటుకలు) ఒక్కొక్కటి 0.2 మిల్లీమోలార్ చొప్పున వేస్తే మొత్తం 0.8 మిల్లీమోలార్ అయి, దాదాపు అంత మెగ్నీషియాన్నీ పట్టేసుకుంటాయి. 1.5 మిల్లీమోలార్ మెగ్నీషియంలో మిగిలేది కొంచెమే. టెంప్లేట్ డీఎన్‌ఏ ఈడీటీఏ ఉన్న బఫర్‌లో ఉంటే అది కూడా పోతుంది. 1.5 నుంచి 3 దాకా మెట్లు పెట్టి చూడండి.

రెండోది రాక, నాలుగోది వస్తే మీ ఎంజైమ్ బలహీనంగా ఉంది. రెండూ రాకపోతే మీ ఎంజైమ్‌తో పాటు ఏదో అడ్డుకునే పదార్థం వస్తోంది, లేదా ఎంజైమ్ మరీ ఎక్కువైంది. ఈ చివరి సంగతే అసలు కారణం కావడం మామూలు. సొంతంగా చేసిన టాక్ ఎంత గాఢంగా ఉంటుందో ముందు తెలియదు. 25 మైక్రోలీటర్ల చర్యలో 5 మైక్రోలీటర్లు వేస్తే గ్లిసరాల్ ఒక్కటే 10 శాతానికి చేరుతుంది, బఫర్‌లోని ఉప్పూ పెరుగుతుంది, జెల్ మీద మసకగా పొగలాంటి చార తప్ప ఏమీ రాదు. సగానికి సగం తగ్గిస్తూ 64వ వంతు దాకా పలచన చేసి అన్నిటినీ ఒకేసారి నడపండి. పలచన చేసేది నీళ్లతో కాదు, డిటర్జెంట్ ఉన్న నిల్వ బఫర్‌తోనే. నీళ్లలో పలచనైన టాక్ ప్లాస్టిక్ గోడలకు అతుక్కుని మాయమవుతుంది.

ఎంత పలచన చేసినా రాకపోతే అమ్మోనియం సల్ఫేట్ మిగిలిపోయి ఉంటుంది. టాక్‌కు పొటాషియం క్లోరైడ్ 50 మిల్లీమోలార్ దగ్గర హాయిగా ఉంటుంది, ఉప్పు బాగా పెరిగితే పని ఆపేస్తుంది. కొత్త బఫర్‌తో 12 గంటల చొప్పున మరో రెండుసార్లు డయాలసిస్ చేయండి.

మొదట బాగానే పనిచేసింది, కొన్ని వారాలకు నీరసపడింది

నిల్వ బఫర్ లెక్క సరిచూడండి: 20 మిల్లీమోలార్ ట్రిస్ పీహెచ్ 8.0, 100 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్, 0.1 మిల్లీమోలార్ ఈడీటీఏ, 1 మిల్లీమోలార్ డీటీటీ, 0.5 శాతం చొప్పున ట్వీన్-20, ఎన్‌పీ-40, 50 శాతం గ్లిసరాల్. మైనస్ 20 దగ్గర ఇది గడ్డకట్టకూడదు. గడ్డకట్టిందంటే గ్లిసరాల్ తక్కువ పడింది. గ్లిసరాల్ చిక్కగా ఉండి పిపెట్‌లో మెల్లగా ఎక్కుతుంది, తొందరపడితే తక్కువే వస్తుంది. ఎంజైమ్ నీరసపడిందని అనుకునే సందర్భాల్లో కొన్ని నిజానికి ఇవే.

టెంప్లేట్ లేని ట్యూబులో కూడా బ్యాండ్ వస్తోంది

ఏ ప్రైమర్లతో వస్తోందన్నదే ముఖ్యం. బ్యాక్టీరియాలన్నిటిలో ఉండే 16ఎస్ జన్యువు ప్రైమర్లతో అయితే ఇ.కోలై డీఎన్‌ఏ అవశేషాలు ఎంజైమ్‌లో ఉన్నాయని అర్థం. ఈ పద్ధతిలో చేసిన టాక్‌ను బ్యాక్టీరియాల గుర్తింపు పరీక్షలకు నేరుగా వాడకూడదు. లైసేట్ దశలో డీఎన్‌ఏజ్ వేస్తే చాలావరకు తగ్గుతుంది. ఆంపిసిలిన్ జన్యువు కోసం చేసే పీసీఆర్ అయితే ఇంకా జాగ్రత్త: టాక్‌ను తయారుచేసిన ప్లాస్మిడ్‌లోనే ఆ జన్యువు ఉంది! వెక్టర్ ప్రైమర్లతో చేసే కాలనీ పీసీఆర్‌కు కూడా ఇదే ప్రమాదం. అన్ని కాలనీలూ పాజిటివ్ వచ్చాయని సంబరపడే ముందు నీళ్ల కంట్రోల్ చూడండి. మొక్క జన్యువుకో మనిషి జన్యువుకో వేసిన ప్రైమర్లతో వస్తే మాత్రం తప్పు టాక్‌ది కాదు, పిపెట్లూ బల్లా శుభ్రం చేసుకోవాలి.

బ్యాండ్ వచ్చింది, సీక్వెన్స్‌లో తప్పులున్నాయి

దీనికి మరమ్మతు లేదు. టాక్‌కు తన తప్పు తాను దిద్దుకునే 3 ప్రైమ్ వైపు ఎక్సోన్యూక్లియేజ్ పని లేదు, కొన్నదైనా సొంతమైనా అంతే. జీనోటైపింగ్‌కు, కాలనీ పరీక్షకు, ప్రాక్టికల్స్‌కు ఇది నిశ్చింతగా వాడుకోండి. ప్రోటీన్‌గా మార్చబోయే జన్యువును క్లోన్ చేయాలంటే పీఎఫ్‌యూ లాంటి దిద్దుకునే పాలిమరేజ్ కావాలి. పొడవైన ముక్కల కోసం టాక్‌లో కొద్దిగా పీఎఫ్‌యూ కలిపి వాడే పద్ధతి 1994 నుంచీ ఉంది.

ఇక ఈ పని మొదలుపెట్టే ముందే మీ సంస్థలోని బయోసేఫ్టీ కమిటీకి తెలియజేయాలి. మన దేశంలో జన్యుమార్పిడి జీవులతో పనికి 1989 నిబంధనలు వర్తిస్తాయి. వాడేసిన కల్చర్లను 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ చేశాకే పారబోయండి.