ఇంగ్లిష్ 'లూజ్'ని పట్టుకోవడం ఎలా?

'లూజ్' అనే మాటకి డిక్షనరీలో ఉన్న అర్థాలన్నీ బట్టీ పట్టొద్దు, రెండు రోజుల్లో మర్చిపోతారు. వాక్యంలో అది కనబడగానే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇక్కడ దేన్ని ఏది పట్టి ఉంచాలి, ఆ పట్టు ఎక్కడ తప్పింది?

నడుం దగ్గర నిలవని ప్యాంటు, కదులుతున్న పన్ను, ప్యాకెట్ కాకుండా కిరాణా కొట్లో తూచి ఇచ్చే పప్పు, ఇవన్నీ తెలిసినవే. 'ఆన్ ద లూజ్' అంటే తప్పించుకున్న పులో ఖైదీయో ఇంకా దొరకలేదని. 'లూజ్ ట్రాన్స్‌లేషన్' మాటకి మాట కాకుండా భావం మాత్రం చెప్పే అనువాదం. క్రికెట్లో లైనూ లెంగ్తూ అదుపు తప్పి బ్యాటర్‌కి సులువుగా దొరికేది 'లూజ్ బాల్'.

నాకు బాగా నచ్చేది 'లూజ్ కానన్'. పాతకాలం యుద్ధనౌకల్లో ఫిరంగుల్ని మోకులతో కట్టేవాళ్లు, తుఫానులో ఆ మోకు తెగిందంటే అంత బరువూ డెక్ మీద అటూ ఇటూ దొర్లి సొంత మనుషుల్నే నలిపేస్తుంది కదా, అందుకే నోటికి అదుపు లేక సొంత పార్టీకే చేటు తెచ్చే నాయకుణ్ని అలా అంటారు.

ఒకచోట జాగ్రత్త: 'లూజ్ ఎండ్స్' అంటే ఇంకా తేలని చిన్నచిన్న విషయాలు, 'ఎట్ ఎ లూజ్ ఎండ్' అంటే చేసే పనేమీ లేక ఖాళీగా ఉండటం.

స్పెల్లింగ్ సంగతి. రెండు 'ఓ'లున్న ఈ మాటని నిజానికి 'లూస్' అని పలకాలి. ఒక్క 'ఓ' ఉన్నది వేరే మాట, పోగొట్టుకోవడం, ఓడిపోవడం, దానికే చివర 'జ్' వస్తుంది. మనం రెండిటినీ ఒకేలా పలుకుతాం కాబట్టే రాసేటప్పుడు తడబడతాం. పలకడం మార్చుకోండి, స్పెల్లింగ్ దానంతటదే కుదురుతుంది.

'వాడో లూజ్‌గాడు' అన్నట్టు ఇంగ్లిష్‌లో అంటే ఎవరికీ అర్థం కాదు, అక్కడ 'స్క్రూ' కూడా చేర్చాలి. ఆడవాళ్ల గురించి మాత్రం ఈ మాట అసలు వాడొద్దు, శీలాన్ని కించపరిచే తిట్టు అది. ఇక విదేశాల్లో డాక్టర్ దగ్గర 'లూజ్ మోషన్స్' అంటే వెంటనే అర్థం కాకపోవచ్చు, మన దేశంలో ఎక్కువగా వినబడే వాడుక అది. 'డయేరియా' అనండి, లేదా 'లూస్ స్టూల్స్' అనండి.