ముప్పై దాటాక నర్సింగ్‌లో చేరేవాళ్ళకు

ముందు వయసు సంగతి. జీఎన్‌ఎంకి (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ అనే డిప్లొమా కోర్సు) మామూలుగా 17 నుంచి 35 ఏళ్ళ లోపు ఉండాలి. ఇంటర్ ఏ గ్రూపైనా 40 శాతం మార్కులుంటే చాలు, బీఎస్సీ నర్సింగ్‌కైతే బైపీసీ కావాలి. ముప్పై మూడో, ముప్పై నాలుగో వచ్చినవాళ్ళు వచ్చే ఏడు చూద్దామనుకోవద్దు. కాలేజీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, రాష్ట్ర కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూశాకే ఫీజు కట్టండి. "హాజరు మేం చూసుకుంటాం, పరీక్షలకు వస్తే చాలు" అన్నచోట ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

పెద్ద వయసులో చేరినవాళ్ళను చదువుకన్నా హాజరే ఎక్కువ దెబ్బతీస్తుంది. పరీక్ష రాయడానికి 80 శాతం చాలు కానీ, సర్టిఫికెట్ చేతికి రావాలంటే క్లినికల్ పోస్టింగ్, అంటే ఆసుపత్రి వార్డుల్లో చేసే శిక్షణ డ్యూటీ, నూటికి నూరు శాతం పూర్తి కావాలి. పిల్లాడికి జ్వరమొచ్చి మానేసిన ప్రతి రోజూ తర్వాత చేసి తీరాల్సిందే. అందుకే చేరకముందే కాలేజీలో నాలుగు విషయాలు అడగండి: పోస్టింగ్ ఏ ఆసుపత్రుల్లో, నైట్ డ్యూటీ ఏ సంవత్సరం నుంచి, హాస్టల్ తప్పనిసరా, కాలేజీ బస్సు ఉందా. గుంటూరులో ఉంటూ విజయవాడలో చదివేవాళ్ళు దూరం ముప్పై చిల్లర కిలోమీటర్లేగా అనుకోకూడదు. బస్సు కోసం ఎదురుచూడటం, వారధి దగ్గర ట్రాఫిక్, స్టాండు నుంచి ఆసుపత్రికి ఆటో అన్నీ కలిపి లెక్కేయాలి. ప్రతి షిఫ్టుకీ పిల్లల్ని ఎవరు చూస్తారో కాగితం మీద రాసుకోండి. ఒక్కొక్క షిఫ్టుకు ఇద్దరి పేర్లుండాలి, ఎందుకంటే అత్తగారికి ఒంట్లో బాగోకపోయినా మీ డ్యూటీ ఆగదు.

వార్డులో రక్తం, సూదుల మధ్య పని కాబట్టి హెపటైటిస్ బీ టీకా ఇప్పుడే మొదలెట్టండి. మొదటి డోసు, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. ఆ తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయించి, 10 mIU/mL గానీ అంతకన్నా ఎక్కువ గానీ వచ్చిందేమో చూసుకోవాలి.

లెక్కలు వదిలేసి చాలా ఏళ్ళయినవాళ్ళకు సెలైన్ లెక్క దగ్గర చెయ్యి వణుకుతుంది. సూత్రం ఒక్కటే: మిల్లీలీటర్లను డ్రాప్ ఫ్యాక్టర్‌తో (సెలైన్ ఎక్కించే సెట్‌లో మిల్లీలీటరుకు ఎన్ని చుక్కలో ఆ అంకె) గుణించి, నిమిషాలతో భాగించాలి. 500 మి.లీ. 4 గంటల్లో ఎక్కాలి, సెట్ మిల్లీలీటరుకు 20 చుక్కలది అనుకుందాం. 500ని 20తో గుణిస్తే 10,000. 4 గంటలంటే 240 నిమిషాలు, దాంతో భాగిస్తే సుమారు 41.7, అంటే నిమిషానికి 42 చుక్కలు. గంటల్ని నిమిషాలుగా మార్చడం మరిచిపోవడమే ఎక్కువగా జరిగే తప్పు. మైక్రో సెట్ అయితే మిల్లీలీటరుకు 60 చుక్కలు. సెట్ కవరు మీది అంకె చూడకుండా లెక్క మొదలెట్టకండి.

పోస్టింగ్‌లో రాయాల్సిన రికార్డులు ఏ రోజువి ఆ రోజే రాసి సంతకం పెట్టించుకోండి. నెలాఖరుకు పోగుపడితే ఇంటిపనితో పాటు పూర్తిచేయడం అయ్యేపని కాదు.

చివరగా, వార్డులో ఒక జాగ్రత్త. మీ వయసు చూసి రోగి బంధువులు మిమ్మల్నే పెద్ద సిస్టర్ అనుకుంటారు, "ఈ ఇంజెక్షన్ వేసేయండమ్మా" అంటారు. మొహమాటపడొద్దు. "నేను స్టూడెంట్‌నమ్మా, స్టాఫ్ నర్సు గారిని పిలుస్తాను" అని చెప్పి పిలవండి. ఆవిడ మీకన్నా పదేళ్ళు చిన్నదైనా సరే, ఆవిడ పక్కన ఉన్నప్పుడే మందు ముట్టుకోవాలి.